ఏ కాలంలో నడవాలో ఆయనే చెప్పేవాడు

మొన్న మా కాలేజీలో కొత్తగా చేరిన ఫిజిక్స్ లెక్చరరు లైబ్రరీకి వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు. విజయనగరంలో బయలుదేరి స్నేహితులతో కలిసి కన్యాకుమారి దాకా నడవాలని అతని సరదా. బూట్లు కొనేశాడు, సంచీ కొనేశాడు, ఫోన్లో దారి కూడా గీసుకున్నాడు. ఒక్కటే తేలడం లేదట. దక్షిణాదిన అంత దూరం నడవడానికి ఏ కాలం మంచిది? మీ ఊరివాళ్ళు ఏటా తిరుపతికి నడిచి వెళ్తారట కదా మేడం, మీకు తెలిసే ఉంటుంది అన్నాడు.

"ఎవరిని వదిలేసి వెళ్ళాలనుకుంటున్నారో చెప్పండి. దాన్నిబట్టి చెబుతాను," అన్నాను.

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ మాట నా నోటి నుంచి రాగానే మా పెదనాన్న కళ్ళ ముందుకొచ్చి కూర్చున్నాడు. ఆయన పోయి ఏడాది దాటింది. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం మర్యాద అంటారు. ఆ మర్యాద ఆయన విషయంలో నాకు చేతకాదు. నా దగ్గర ఉన్నది ఒకటే మంచి మాట, అది ముందే చెప్పేస్తాను. మనిషి చూడ్డానికి బాగుండేవాడు.

మాది శ్రీకాకుళం జిల్లాలో, రణస్థలం దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు. మగవాళ్ళు వేటకు వెళ్తారు, ఆడవాళ్ళు చేపలు అమ్ముతారు, ఎండబెడతారు. ఏడాదికోసారి ఊరివాళ్ళు గుంపు కట్టి చెప్పుల్లేని కాళ్ళతో తిరుపతి దాకా నడుస్తారు. నెల పైనే పడుతుంది. ఆ గుంపుకు పెద్ద మా పెదనాన్న. ఏ నెలలో బయలుదేరాలో ఆయన చెప్పాలి, మిగిలినవాళ్ళు తల ఊపాలి.

ఆయన ఆ సంగతి చెప్పే తీరు ఒక తిరనాళ్ళలా ఉండేది. సాయంత్రం పూట ఇసకలోకి లాగి పెట్టిన తన పడవ అంచు మీద కూర్చునేవాడు. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేవాడు. మా వైపు దాన్ని అడ్డపొగ అంటారు. నోట్లో నిప్పు పెట్టుకునే మాట్లాడేవాడు, నవ్వేవాడు, ఒకరిద్దర్ని తిట్టేవాడు కూడా. సముద్రం వంక చూసేవాడు, మబ్బు వంక చూసేవాడు, గుప్పెడు ఇసక తీసి వేళ్ళ సందుల్లోంచి జారవిడిచేవాడు. ఆ ఇసక ఆయనకు ఏం చెబుతోందో అని జనం మెడలు చాపి చూసేవారు. చుట్ట నోట్లోంచి బయటికొచ్చిందంటే తీర్పు వచ్చిందన్నమాట. ఈ యేడు మాఘం అనో, వైశాఖం అనో ఒక్క ముక్క చెప్పి, చుట్ట మళ్ళీ నోట్లో పెట్టేసుకునేవాడు.

ఆ ఇసకలో ఏమీ లేదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

తీర్పుకు ముందు కొన్నాళ్ళపాటు ఆయన ఇల్లిల్లూ తిరిగేవాడు. ఎవరికి ఎప్పుడు వీలవుతుందో ఎంతో ఆపేక్షగా కనుక్కునేవాడు. కూతురి పురుడు ఎప్పుడు, వల కుట్టడం ఎప్పటికవుతుంది, మోకాలి నొప్పి ఏ నెలలో ఎక్కువ, అన్నీ అడిగేవాడు. అందరి బాగోగులూ పట్టించుకునే పెద్దమనిషి అని ఊరు మురిసిపోయేది. ఆయన అడిగేది ఎవరు రాగలరో తెలుసుకోవడానికి కాదు, ఎవరు ఎప్పుడు రాలేరో తెలుసుకోవడానికి. పడవ ఇంజన్లు బాగుచేసే ఒకతను ఓసారి నలుగురిలో ఈయన మీద జోకు వేశాడు. ఆ ఏడాది గుంపు సరిగ్గా అతని చెల్లెలి పెళ్ళి వారంలో బయలుదేరింది. జీవితంలో ఎవరినీ రావద్దని అనని మనిషి మా పెదనాన్న. ఆ అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు.

ఇక మా అమ్మ సంగతి.

నా ఎనిమిదో ఏట నుంచి నాకు మూర్ఛలు వచ్చేవి. ఇసకలో ఆడుతూ ఆడుతూ పడిపోయి కొట్టుకునేదాన్ని. అవి తగ్గితే పిల్లను వెంటబెట్టుకుని ఏడుకొండల దాకా నడిచి వస్తానని అమ్మ మొక్కుకుంది. తగ్గాయి. ఇంటర్లో చేరేసరికి పూర్తిగా పోయాయి. మందులకు తగ్గాయో మొక్కుకు తగ్గాయో నాకు తెలియదు, అమ్మకు మాత్రం బాగా తెలుసు. తీరని మొక్కు మెడ మీద కత్తి అని ఆవిడ నమ్మకం. నాకు కాస్త తలనొప్పి వస్తే చాలు, ఆవిడ ముఖం పాలిపోయేది. నేను నిద్రపోతుంటే చెయ్యి పట్టుకుని చూసేది. ఈ భయాన్ని అమ్మ ఏళ్ళ తరబడి మోసింది. ఆ ఏళ్ళన్నీ ఆయన చేతి చలవే.

మొదట్లో మావాళ్ళు మాఘంలో నడిచేవారు. చలి తగ్గుతూ ఉంటుంది, ఎండ ముదరదు. ఆడా మగా అందరూ వెళ్ళేవారు. నా మూర్ఛలు పోయిన ఏడాదే, ప్రభుత్వం ఎండాకాలంలో వేట ఆపించే రెండు నెలలూ మగవాళ్ళు ఖాళీగా ఉంటున్నారని మా పెదనాన్న నడకను ఆ నెలలకు మార్చాడు. మగవాళ్ళకు వీలే. ఆడవాళ్ళకు మాత్రం పచ్చిచేప దొరకని ఆ రోజుల్లోనే ఎండుచేపకు గిరాకీ. చీపురుపల్లి సంతలో నిలబడితే గంప ఇట్టే ఖాళీ అయిపోతుంది. ఏడాది తిండి ఆ రెండు నెలల్లోనే సంపాదించుకోవాలి. అలా ఆడవాళ్ళంతా నడక మానేశారు. ఆ మొదటి ఏడాది మా నాన్న అరికాళ్ళు తోలు ఊడిపోయి తిరిగొచ్చాడు. పది రోజులు పీటమీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు, అమ్మ ఆముదం రాసింది.

ప్రసాదం పంచుకునే రోజున అందరూ పెదనాన్న వాకిట్లో ఉన్నప్పుడు అమ్మ లేచి నిలబడింది.

"బావా, నీకు వేట తెలుసు, కాదన్ను. నడక తెల్దు. మాగంలో నడిసినప్పుడు ఎవులికీ కాలు కాల్లేదు. మండుటెండలో ఈలందర్నీ ఎందుకు కాల్సినావు?"

తమ్ముడి పెళ్ళాం నలుగురిలో ఆయన్ను అలా అడగడం అదే మొదలు. పెదనాన్న చుట్ట బయటికి తీశాడు. అమ్మ వంక చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది, ఎందుకంటే అందులో కోపం వెతికితే కనిపించలేదు.

"మరదలు సెప్పింది నిజమే," అన్నాడు. "వచ్చే యేడు ఆలోసిద్దాం."

ఆలోచించాడు. బాగా ఆలోచించాడు.

మరుసటి ఏడాది ఎండాకాలమైనా సరే వెళ్ళి తీరాలని అమ్మ సరుకంతా ముందే అమ్మేసుకుంది. నేను అప్పుడు శ్రీకాకుళంలో ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాను. పెదనాన్న ఒకరోజు నన్ను పిలిచి జీళ్ళ పొట్లం చేతిలో పెట్టి, గుంటా, నీ చదువెలా ఉన్నాది, పరీక్షలెప్పుడే అని అడిగాడు. మా ఇంట్లో కూడా నన్ను ఎవరూ అంత ప్రేమగా అడగలేదు. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, మార్చిలో పరీక్షలు అని నోరంతా తీపి చేసుకుని చెప్పాను. ఆ సాయంత్రమే చుట్ట బయటికొచ్చింది. మరదలి మాట మన్నించి ఈ యేడు మాఘంలోనే నడుద్దాం అన్నాడు. మొక్కు ప్రకారం పిల్ల పక్కన లేకుండా అమ్మ కదలకూడదని ఆయనకు తెలుసు. పైగా అమ్మ మాట నెగ్గించినట్టు పేరు కూడా వచ్చింది. నా నోటితోనే నా తల్లి కాళ్ళు కట్టేశాడు. జీళ్ళు ఇప్పటికీ నేను ముట్టను.

ఆ తర్వాత ఏడాది మాఘానికి సిద్ధమయ్యాం, ముసలివాళ్ళకు చలి పడదని వైశాఖానికి మార్చాడు. అప్పటికి మా పాక నిండా ఎండుచేప పేరుకుని ఉంది. పెద్ద తుఫాను వచ్చి ఆ పాక కప్పు లేచిపోయినప్పుడు, అమ్మ తాటాకులు మోసుకుంటూ కొత్త పాక వేయిస్తుంటే, మార్గశిరమే మంచి కాలమని గుంపును తీసుకెళ్ళిపోయాడు. ప్రతి ఏడాదీ ఒక కారణం ఉండేది. ఎవరు విన్నా నిజమే కదా అనిపించే కారణం. ఎండకు బొబ్బలు, చలికి కీళ్ళు, వానకు పాములు. అమ్మ తప్ప ఊరంతా ఏదో ఒక ఏడాది నడిచొచ్చింది. మా నాన్న ప్రతి ఏడాదీ నడిచాడు. ఆయన బతుకు అన్నగారి పడవ మీద, నోట్లో నాలుక లేని మనిషి. వెళ్ళేటప్పుడు అమ్మ ముఖం చూడకుండా వెళ్ళేవాడు.

గుంపు కదిలే రోజున పెదనాన్న మా గుమ్మంలోకి వచ్చేవాడు. వస్తే బాగుణ్ణు, ఎవరు వద్దన్నారే అనేవాడు. నీ ముడుపు ఇస్తే నేనే హుండీలో వేసేస్తాను, మొక్కు తీరిపోతుంది అనేవాడు. అమ్మ ఒక్కసారి కూడా ఇవ్వలేదు. మొక్కు కాళ్ళది బావా, చేతులది కాదు అని చేపలు తిరగేసుకునేది. ఆయన వెళ్ళాక చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. నేను అదంతా చూస్తూ పెరిగాను. నాకు భక్తి అబ్బలేదు గానీ పగ మాత్రం బాగానే అబ్బింది.

చదువు అయ్యాక విజయనగరంలో లైబ్రరీ ఉద్యోగం వచ్చింది. ఒక ఎండాకాలం పొద్దున్నే ఏమీ తినకుండా బస్టాండులో నిలబడి కళ్ళు తిరిగి పడిపోయాను. అంతకు మించి ఏమీ లేదు, సోడా తాగితే సర్దుకుంది. ఎవరో ఊరికి ఫోన్ చేసి చెప్పారు. అమ్మ చేపల చేతులతోనే బస్సెక్కి వచ్చేసింది. వచ్చి నా తల ఒళ్ళో పెట్టుకుని, మనమెల్దాం, ఆడి కాలం మనకక్కర్లేదు అంది. అంతవరకు ఆయన్ను 'ఆడు' అనడం నేను వినలేదు.

శ్రావణం అనుకుంది. అది ఎవరూ నడవని కాలం. వేట నిషేధం అయిపోయి మగవాళ్ళు సముద్రం వదలని రోజులు, కాబట్టి గుంపు లేదు, గుంపుకు పెద్దా లేడు. వాన పడుతుంటే చేప ఎండదు, కాబట్టి ఆడవాళ్ళకు చేతినిండా ఖాళీ. ఇన్నేళ్ళూ ఆ ముక్క ఊళ్ళో ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే కాలం ఎంచేవాళ్ళు మగవాళ్ళు. అమ్మ మాట బయటికి రాగానే చేపలమ్మే ఆడవాళ్ళు ఒక్కొక్కరే మేమూ వస్తామన్నారు. పెదనాన్న పరుగున వచ్చాడు. వేళ్ళ సందులు పాసిపోతాయి, పిడుగులు పడతాయి, గోదావరి పొంగుతుంది, వానలో చేసిన నడక దేవుడు మెచ్చడు అన్నాడు.

"దేవుడికి కాలాలేటి బావా? వానైనా ఎండైనా ఆ కొండ మీదే ఉంటాడు," అంది అమ్మ.

మా నాన్న మర్నాడు రణస్థలం వెళ్ళి అందరికీ కప్పుకోవడానికి ప్లాస్టిక్ పట్టాలు కొనుక్కొచ్చి గుమ్మంలో పడేసి వేటకు వెళ్ళిపోయాడు.

ఆ నడక గురించి ఎవరైనా అడిగితే నేను సుఖంగా జరిగిందనే చెబుతాను. రోడ్డు పక్క మట్టి మెత్తగా ఉండేది. మబ్బు గొడుగు పట్టినట్టే ఉండేది. తడిసేవాళ్ళం, ఆరేవాళ్ళం, మళ్ళీ తడిసేవాళ్ళం. లారీలు బురద చిమ్మితే తిట్టుకుని నవ్వుకునేవాళ్ళం. ఆగినచోటల్లా అమ్మ అందరి కాలివేళ్ళ మధ్యా గుడ్డతో తుడిచి ఆముదం పెట్టేది. ఒంగోలు దాటాక వానలు వెనకబడిపోయాయి, నెల్లూరు దగ్గర ఎండ మండింది. అక్కడికి మాత్రం మాఘమే మంచిదేమోనే అంది అమ్మ, చెట్టు కింద కూర్చుని. అంత దూరానికి ఒకే కాలం ఉండదని, మనం నడుస్తుంటే కాలం కూడా మారిపోతుందని అప్పుడు తెలిసింది. మా పెదనాన్న అన్నిసార్లు నడిచి ఈ సంగతి ఎందుకు చెప్పలేదో కూడా తెలిసింది. అది చెబితే ఆయన ఇసకను ఎవరూ చూడరు. కొండ మెట్ల మీద అమ్మ నా చెయ్యి వదల్లేదు. పైకెక్కాక నా ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది, చిన్నపిల్లను చూసినట్టు.

తిరుగు ప్రయాణం రైల్లో. చీపురుపల్లిలో దిగి ఆటోలు కట్టించుకుని ఊరు చేరాం.

మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. కొండకు నడిచి వెళ్ళొచ్చినవాళ్ళు గుమ్మం తొక్కకముందే, ఆ గుంపుతో నడవకుండా ఇంటి దగ్గర ఉండిపోయిన పెద్దవాడు పసుపునీళ్ళతో వాళ్ళ కాళ్ళు కడగాలి. వయసు చూడరు, వరస చూడరు. అయితే పెద్దవాడు వంగబోతుండగానే నడిచొచ్చినవాళ్ళు వద్దు వద్దని చెంబు అందుకుని తామే పోసుకుంటారు. అలా అందుకోవడమూ ఆచారమే. ఇన్నేళ్ళూ పెదనాన్న నడిచొచ్చినవాడే గనక ఒకరి ముందు వంగే అవసరం ఆయనకు పడలేదు. ఇప్పుడు మా ఇంటికి పెద్ద ఆయనే. వీధి వీధంతా మా వాకిట్లో ఉంది. ఆయన చెంబు పట్టుకుని వచ్చి అమ్మ ముందు నిలబడ్డాడు. అమ్మ వద్దంటుందని ఎదురు చూశాడు. అందరూ ఎదురు చూశారు.

అమ్మ చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని కుడికాలు ముందుకు చాపింది.

ఆయన కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. మోకాళ్ళు కటకటమన్నాయి. చుట్ట లేదు ఆ రోజు నోట్లో. నీళ్ళు పోసి, చేత్తో మడమ రుద్ది, అరికాలు తిప్పి బొటనవేలితో తడిమి చూశాడు. ఏం వెతుకుతున్నాడో నాకు తెలుసు.

"ఒక్క బొబ్బ కూడా లేదేటే," అన్నాడు, మెల్లగా.

"లేదు బావా."

ఇంకా కింద కూర్చునే తల ఎత్తాడు. "వచ్చే యేడు నానూ వస్తాను. ఎప్పుడెల్దాం?"

"సూద్దాం," అని అమ్మ ఎడమకాలు చాపింది.

ఆ పూట నాన్న రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాడు. నా కళ్ళు చల్లబడ్డాయి. ఏళ్ళుగా మండుతున్నది ఏదో ఆరినట్టే అనిపించింది. అమ్మకు ఆరలేదని తర్వాత తెలిసింది.

మరుసటి ఏడాది ఆడవాళ్ళంతా కాలం సంగతి అమ్మనే అడగడం మొదలుపెట్టారు. అమ్మ ఇసక చూడలేదు, మబ్బు చూడలేదు. పని చేసుకుంటూనే సమాధానం చెప్పేది. పెదనాన్నకు అప్పటికి వేట లేదు, కొడుకులు పడవ తీసుకున్నారు, ఏ నెల అయినా ఆయనకు ఖాళీయే. ఇంకొక్కసారి కొండకు నడిచి పోవాలని, మళ్ళీ ఒంట్లో ఓపిక ఉంటుందో ఉండదోనని అందరికీ చెప్పుకుని తిరిగేవాడు. రోజూ వచ్చి అమ్మ చేపలు ఎండబెట్టిన చోట కూర్చునేవాడు. ఎవరూ అడక్కుండానే కర్ర పట్టుకుని కాకులను తోలేవాడు. ఎప్పుడెల్దామే అని అడిగేవాడు. సూద్దాం బావా అనేది అమ్మ. కాకులను తోలుకోనిచ్చింది.

ఒకరోజు నేను సెలవుకు వచ్చి గుమ్మంలో రొయ్యలు ఒలుస్తున్నాను. అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చింది. ఇచ్చి, ఎంతో ఆపేక్షగా అడిగింది.

"కన్ను సరిగా కనబడతన్నాదా బావా? శ్రీకాకుళంలో ఆపరేసను ఎప్పుడన్నారు?"

ఆయన పొంగిపోయాడు. ఏ కంటికో, ఏ రోజో, ఎన్నాళ్ళు తల తడవకూడదన్నారో, దుమ్ములో తిరగకూడదన్నారో, అంతా విడమరిచి చెప్పాడు. నేను తలెత్తి అమ్మ వంక చూశాను. అమ్మ నా వంక చూడలేదు. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ సాయంత్రం ఆడవాళ్ళకు కబురు పంపింది. ఆయన కంటి ఆపరేషను అయిన మూడో నాడు ప్రయాణం.

బయలుదేరే పొద్దున ఆయన ఊరి చివరి దాకా వచ్చాడు. పెద్ద నల్లద్దాలు పెట్టుకున్నాడు, చినుకు పడితే తడవకుండా నెత్తికి ప్లాస్టిక్ కవరు తొడుక్కున్నాడు. రోడ్డు పక్కన నిలబడి, నెల్లాళ్ళాగితే నేనూ వస్తాను కదే అని అమ్మతో అన్నాడు. అమ్మ ఆగింది. మర్యాదగానే చెప్పింది.

"ఆగితే తుఫాన్ల కాలం వచ్చీస్తాది బావా. ఇంతమంది కాళ్ళు సూడాల గదా."

ఎవరు విన్నా నిజమే కదా అనిపిస్తుంది. ఆయన నెత్తి మీది కవరు సర్దుకున్నాడు. ఆ మాటకు ఎదురు చెప్పడం లోకంలో ఎవరికైనా వచ్చేమో గానీ ఆయనకు రాదు. నల్లద్దాల వెనక ఏముందో కనబడలేదు. ఆయనకు మరో శ్రావణం లేదని మాకప్పుడు తెలియదు. తెలిసినా అమ్మ ఆగేది కాదు.

కొంత దూరం పోయాక ఒకావిడ వెనక్కి తిరిగి, పాపం ముసలాయన ఇంకా అక్కడే నిలబడ్డాడే అంది. ఆ పాపం నా లోపల ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కున్నాను. ఎక్కడా కనబడలేదు. అమ్మ నా పక్కనే చెంగు నడుముకు దోపుకుని నడుస్తోంది, వెనక్కి చూడలేదు. మబ్బు పట్టి ఉంది, చినుకు ఇంకా మొదలు కాలేదు, కాళ్ళ కింద మట్టి చల్లగా ఉంది. నడవడానికి అంత మంచి పొద్దు నేను మళ్ళీ చూడలేదు.